గచ్చు కింద దాచిన జాయింటు

అబుదాబి రాజ్యంలోని అల్ ఐన్‌లో ఒక పెద్ద ఇంటి గచ్చు కింద నేనొక పైపు జాయింటు వేశాను. వేయకూడని చోట, ఎవరికీ చెప్పకుండా వేశాను. అది కారినప్పుడు నేరం మరొకరి మీద పడుతుంటే పక్కనే నిలబడి నోరు మెదపలేదు. ఆ ఇంటి పని గురించి గల్ఫ్‌లోనూ, తిరిగొచ్చాక మా జగిత్యాలలోనూ ఎన్నోసార్లు గొప్పగా చెప్పుకున్నాను. "ఎడారిలో నేలకు చలికాచినోడు" అని స్నేహితులు ఆటపట్టిస్తే మురిసిపోయాను. ఈ ముక్క మాత్రం ఎప్పుడూ దాటేశాను.

పైపుల పని నేర్చుకుంటున్న కుర్రాళ్ళు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. మొన్న వాళ్ళలో ఒకడు, "సార్, మీరు వేసిన లైను ఎప్పుడన్నా లీకైందా?" అని అడిగాడు. "ఒక్కసారి. రాళ్ళు పరిచే మేస్త్రీ మేకు కొట్టిండు" అనేశాను. ఆ అబద్ధం ఏ తడబాటూ లేకుండా వచ్చేసింది. ఆ కుర్రాడు దాన్ని నోటుబుక్కులో రాసుకున్నాడు కూడా. ఆ వారమే నేను బేతంచెర్ల బస్సెక్కాను. ఆ సంగతి చివర్లో చెబుతాను.

ముందు ఆ పని ఎంత గొప్పదో చెప్పాలి. నేను తప్పు చేశానని అది తక్కువైపోదు. నా ఉద్యోగ జీవితంలో అంత ఉత్సాహంగా చేసిన పని మరొకటి లేదు!

ఎనభైల మొదట్లో సంగతి. నాకు పాతికేళ్ళు కూడా నిండలేదు. ఐటీఐలో ఫిట్టర్ కోర్సు చేసి, అబుదాబి పక్కనే ముసఫ్ఫాలో ఒక కంపెనీ షెడ్డులో పైప్ ఫిట్టరుగా చేరాను. ఒక రోజు మా మేనేజర్, అక్కడి మాటలో ముదీర్, నలుగురిని పిలిచి, అల్ ఐన్‌లో ఒక అర్బాబ్, అంటే ధనవంతుడైన యజమాని, కొత్త ఇల్లు కడుతున్నాడనీ, నేల కింద వేడినీళ్ళ పైపులు వేయాలనీ చెప్పాడు. మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

అల్ ఐన్ వెళ్ళే బస్సులో నా పక్క సీట్లో ఒక మేస్త్రీ కూర్చున్నాడు. కర్నూలు జిల్లా బేతంచెర్ల మనిషి. నాపరాయి గనుల దగ్గర పుట్టి, పదేళ్ళ వయసు నుంచే రాయి పరుస్తున్నవాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. నేను 'భాయ్' అనేవాణ్ణి, ఆయన నన్ను 'తమ్ముడా' అనేవాడు. ఈ ఇంట్లో పాలరాయి పరిచే పని ఆయనది.

"ఏమప్పా, ఈ దేశంలో చెప్పుల్లేకుండా నాలుగడుగులు ఏస్తే కాళ్ళు బొబ్బలెక్కుతాయి. ఈయప్పకు నేల కింద పొయ్యి కావాల్సొచ్చిందా!" అన్నాడు.

"పైసలు ఎక్కువైనట్టున్నయి భాయ్" అన్నాను.

బస్సంతా నవ్వింది. అల్ ఐన్‌లో మొదటి తెల్లవారుజామున మేముండే క్యాబిన్ బయట తొట్టిలో నీళ్ళు తోడుకుని పోసుకున్నాక ఆ నవ్వు తగ్గింది. సముద్రానికి దూరంగా ఉన్న ఊరు. పగలు ఎంత కాసినా, డిసెంబరు వచ్చాక పొద్దు పొడిచేలోగా ఇసుక ఐసుముక్కలా అవుతుంది.

అర్బాబ్‌కు ముసలి తల్లి ఉంది. ఆమె జీవితమంతా ఖర్జూరపు మట్టలతో కట్టిన ఇంట్లో గడిపింది. అక్కడ కింద ఇసుక, మధ్యలో బొగ్గుల కుంపటి, పొగ పోవడానికి గోడల నిండా సందులు. కొడుకు ఆమెను సిమెంటు ఇంట్లోకి తెచ్చాడు. కింద పాలరాయి, కిటికీలకు బిగువైన అద్దాలు. తెల్లవారుజామున ఫజర్ నమాజుకు ఆ రాయి మీద మోకాళ్ళు ఆనిస్తే లేవలేకపోయేదట. ఆమె కుంపటిని గదిలోకి తెప్పించుకుని తలుపు వేసుకుంది. ఒక ఉదయం కోడళ్ళు తలుపు తీసేసరికి ఆ పొగకు స్పృహ తప్పి ఉంది. బతికి బయటపడింది. గాలి కొట్టే హీటరు పెడితే గొంతు ఎండిపోతోందని దాని మీద దుప్పటి కప్పింది. అందుకే కడుతున్న ఈ కొత్త ఇంట్లో నేలే వెచ్చగా ఉండాలని కొడుకు పట్టుబట్టాడు. ఈ సంగతి తెలిశాక మాలో ఎవరూ పొయ్యి మాట ఎత్తలేదు.

పని నేర్పడానికి చలిదేశం నుంచి ఒక ఇంజినీరు వచ్చాడు. పొడుగాటి మనిషి, ఎర్రటి ముక్కు, సైటు హిందీ నాలుగు ముక్కలు నేర్చుకున్నాడు. మొదటి రోజే మమ్మల్ని కింద కూర్చోబెట్టి, చెయ్యి పైకెత్తి చూపించాడు. "గాలిని వేడి చేస్తే అది పైకప్పుకు పోతుంది. పైకప్పుకు చలి వేస్తుందా?" తర్వాత అరచేయి నేలకు ఆనించాడు. "మనిషి ఉండేది ఇక్కడ. పాదం వెచ్చగా, తల చల్లగా ఉండాలి. చప్పుడు లేదు, దుమ్ము లేదు, గోడలకు డబ్బాలు లేవు. గది మూలలో కూర్చున్నా, మధ్యలో కూర్చున్నా ఒకటే వెచ్చదనం. నీళ్ళు మరగక్కర్లేదు, స్నానానికి పనికొచ్చేంత వేడి చాలు."

ఇంత సులువైన మాట మనకెందుకు తోచలేదబ్బా అనిపించింది! ఆ రోజు నుంచి నేను ఆయన వెనకాలే తిరిగాను. ముందు నేల మీద నురుగు పలకలు పరుస్తాం, వేడి కిందికి పోకుండా. వాటి మీద ఇనుప జాలీ. దాని మీద తెల్లటి ప్లాస్టిక్ పైపును జిలేబీ చుట్టినట్టు చుట్టుకుంటూ పోయి, మళ్ళీ బయటికి తెస్తాం. గదికి ఒకే చుట్ట. గదిలోంచి వచ్చిన రెండు కొసలూ గోడలోని ఇత్తడి పెట్టెకు బిగిస్తాం. మధ్యలో ఎక్కడా అతుకు ఉండకూడదు.

"నీచే జాయింట్ నై!" అని ఇంజినీరు తన హిందీలో అరిచేవాడు, కింద అతుకు వద్దని.

"నీచే జాయింట్ నై!" అని మేమంతా తిరిగి అరిచేవాళ్ళం. బడిపిల్లల్లా రోజూ పొద్దున అదొక ప్రార్థన.

ఆయన చెప్పిన ఇంకో నియమం, చలి పొద్దున చుట్టను విప్పకూడదని. పైపు బిర్రుగా ఉంటుంది. ఎండలో గంటసేపు పెడితే మెత్తబడి చెప్పిన మాట వింటుంది.

ముసలమ్మ గది వంతు వచ్చేసరికి ఇంజినీరు బాయిలర్ సామాను కోసం రెండు రోజులు దుబాయ్ వెళ్ళాడు. వెళ్తూ పని నాకు అప్పజెప్పాడు. నా ఛాతీ ఎంత ఉబ్బిందో చెప్పలేను. ఆయన వచ్చేసరికి గది పూర్తి చేసి చూపించాలనుకున్నాను. పొద్దున్నే, ఎండ రాకముందే, చుట్ట విప్పాను. తలుపు దగ్గర వంపు తిరగడం లేదు. మోకాలు ఆనించి గుంజాను. పైపు మడత పడింది. మడత దగ్గర తెల్లగా పాలిపోయి గీత కనిపించింది.

ఆ గీత పడ్డ పైపు పనికిరాదు. మొత్తం చుట్ట తీసి కొత్తది వేయాలి. కొత్త చుట్ట లేదు. ఓడలో రావాలంటే నెలకు పైనే. చలికాలం దాటిపోతుంది. ఇదంతా లెక్కేసుకుని, గదిలో ఎవరూ లేని సమయం చూసి మడత పడ్డ ముక్కను కోసేశాను. బజారుకు పోయి, రెండు కొసలనూ కలిపే ఇత్తడి కప్లింగు తెచ్చాను. ఇనుప పైపులకూ రాగి పైపులకూ అలాంటివి వందల కొద్దీ బిగించినవాణ్ణి. రెండు పానాలు పెట్టి, ఊపిరి బిగబట్టి, ఇక తిరగనంత దాకా బిగించాను. చేతి పంపుతో నీటి ఒత్తిడి పెంచాను. మీటరు మీద సూది మర్నాటి దాకా వెంట్రుకవాసి కదల్లేదు.

ఇంజినీరు వచ్చి మీటరు చూశాడు. నా భుజం తట్టి, "శాబాష్, నువ్వు ఫోర్‌మన్ అవుతావు" అన్నాడు. అప్పుడే చెప్పాల్సింది. ఆ శాబాష్‌ను వాపసు ఇవ్వాలనిపించలేదు.

పైపుల మీద కాంక్రీటు పోశాం. ఆరింది. ఇక మేస్త్రీ రంగంలోకి దిగాడు. ఆయన రాయి పరుస్తుంటే చూడ్డానికి నేను అన్నం వేళ కూడా అక్కడే ఉండేవాణ్ణి. రసమట్టం చూడకముందే వేలి కొసతో రెండు రాళ్ళ అంచు తడిమి, "ఇది వెంట్రుకంత లేచింది" అనేవాడు. రసమట్టం పెడితే నిజమే అయ్యేది.

వరస తిన్నగా రావడానికి మన మేస్త్రీలు నేలలో మేకు దిగ్గొట్టి దారం కడతారు కదా. పైపులున్న నేలలో మేకు కొట్టవద్దని ఇంజినీరు ముందే చెప్పాడు. ముసలమ్మ గదిలో కిటికీ దగ్గర పని మొదలుపెడుతూ మేస్త్రీ మేకు కొట్టనే కొట్టాడు. అటుగా వచ్చిన ఇంజినీరు చూసి ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. మేకు లాగి చూస్తే నా బొటనవేలి గోరంత కూడా లోపలికి దిగలేదు. అయినా అందరి ముందూ చీవాట్లు పడ్డాయి. ఆ తర్వాత ఆయన దారాన్ని ఇటుకలకు కట్టుకుని పని చేశాడు.

"ఎందుకు కొట్టినవ్ భాయ్, చెప్పిండు గద?" అని ఆ సాయంత్రం అడిగాను.

"చెయ్యి దాని పని అది చేసుకుంటా పోతాది తమ్ముడా. బుర్రను అడగదు" అని తనలో తాను నవ్వుకున్నాడు.

జనవరిలో బాయిలర్ వెలిగించాం. రోజుకు కొంచెం కొంచెంగా వేడి పెంచాం. నేల బాగా వెచ్చబడ్డ రోజున అర్బాబ్ కుటుంబమంతా ఇల్లు చూడ్డానికి వచ్చింది. ఆ రోజు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది!

బయట మంచు పట్టిన ఉదయం. ముసలమ్మ నల్లటి బుర్ఖా ముసుగులో, కోడలి భుజం పట్టుకుని గడప దగ్గర ఆగింది. చెప్పులు విడవడానికి భయపడింది. కొడుకు బతిమాలితే ఒక్క కాలు పెట్టింది. మళ్ళీ వెనక్కి తీసింది. మళ్ళీ పెట్టింది.

"దాఫీ!" అంది. వెచ్చగా ఉందని. "దాఫీ, దాఫీ!"

రెండో కాలు పెట్టి, గబగబా గది మధ్యకు నడిచి, చతికిలబడి రెండు అరచేతులూ రాతికి ఆనించింది. ఒక మూలకు జరిగి అక్కడ చెయ్యి పెట్టింది, ఇంకో మూలకు జరిగింది. ఎక్కడ పెట్టినా ఒకటే వెచ్చదనం. నవ్వుతూ కోడళ్ళను పేరుపేరునా పిలిచింది. బండిలో తెచ్చుకున్న కుంపటిని దించవద్దని చేత్తో సైగ చేసింది. పిల్లలు పాలరాతి మీద పొర్లారు. ఇంజినీరు బూట్లూ సాక్సులూ విప్పి గంతులేశాడు. మమ్మల్ని కూడా చెప్పులు విడిచి లోపలికి రమ్మన్నారు.

మేస్త్రీ తాను పరిచిన రాతి మీద ఒట్టికాళ్ళతో నిలబడి, కళ్ళు మూసుకున్నాడు. "రాయికి పానమొచ్చింది తమ్ముడా! నా చేతికింద ఇన్నేండ్లు సచ్చిపోయి ఉన్న రాయికి పానమొచ్చింది!"

అక్కడికక్కడే ముదీర్ ఇంకో మాట చెప్పాడు. అర్బాబ్ అన్నగారి ఇంట్లో అతిథులు కూర్చునే మజ్లిస్‌కు కూడా ఇదే పని. పైపులు నేను, రాయి మేస్త్రీ. ఆ హాలు మధ్యలో రంగురాళ్ళతో పదహారు కోణాల చుక్క పొదగాలి. మేస్త్రీ ఆ చుక్కను అప్పుడే సిమెంటు సంచి కాగితం మీద గీసుకుని జేబులో పెట్టుకున్నాడు. అలాంటిది ఒక్కటి చేసి చచ్చిపోతే చాలని ఆయన నాతో ఎన్నోసార్లు అన్నాడు.

మూడో పొద్దున బాయిలర్ గదిలో మీటరు సూది పడిపోయి కనిపించింది. ముసలమ్మ గదిలో తలుపు దగ్గర రాళ్ళ సందుల్లోంచి నీళ్ళు ఊరుతున్నాయి.

అది నేను కప్లింగు బిగించిన చోటే. అందరూ వచ్చారు. ముదీర్ ఒక్కసారి నేల వంక చూసి, మేస్త్రీ వంక తిరిగాడు. "మేకు!" అన్నాడు.

"నా మేకు కిటికీ కాడ సాబ్. నీళ్ళు తలుపు కాడ వస్తున్నాయి."

"నీళ్ళకు దారి నువ్వు చెబుతావా? కింద ఎటైనా పోయి, సందు ఉన్న చోట వస్తాయి."

మేస్త్రీ నా వైపు తిరిగాడు. "తమ్ముడా, నువ్వు చెప్పు. పైపులు యాడ పోయినాయో నీకు తెలుసు కదా. ఆ మేకు తగులుతాదా?"

అందరూ నన్నే చూస్తున్నారు. నా నోట వచ్చిన మాట ఇది: "తవ్వి చూస్తె తెలుస్తది గద భాయ్."

అంతే. ఆయన మొహంలో నమ్మకం ఇంకా పోలేదు. తవ్వితే నిజం బయటపడుతుందని ఆయన కూడా తల ఊపాడు.

తవ్వింది నేనే. దుమ్ము లేస్తుందని సాకు చెప్పి అందరినీ బయటికి పంపి, ఒక్కణ్ణే తవ్వాను. కప్లింగు పైపు మీద నుంచి పక్కకు జారి ఉంది. చల్లటి నీళ్ళ ఒత్తిడికి నిలిచింది, వేడికి ప్లాస్టిక్కు మెత్తబడి పట్టు వదిలేసింది. పైపుల పనిలో ఉన్న పిల్లలూ, ఇది గుర్తుంచుకోండి. చల్లటి పరీక్షలో నెగ్గిన జాయింటు వేడికి నెగ్గుతుందని అనుకోవద్దు. నేను దాన్ని రెండు వైపులా కోసి టిఫిన్ డబ్బాలో వేసుకున్నాను. తర్వాత ముసఫ్ఫా దారిలో బస్సు కిటికీలోంచి ఇసుకలోకి విసిరేశాను.

ఇంజినీరు వచ్చి గుంట పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కోసిన కొసలు చూశాడు. "మేకేనా?" అని అడిగాడు. నేను వంగి పెళ్ళలు ఏరడం మొదలుపెట్టాను. అవునని అనలేదు. కాదని కూడా అనలేదు. తలుపు దగ్గర కూడా మేకు పడిందనుకున్నాడేమో, ఆయన నిట్టూర్చి తన సంచిలోంచి ఒక చిన్న డబ్బా తీశాడు. అందులో ఈ పైపుకనే చేసిన అతుకుంది. లోపల ఒక గొట్టం, పైన ఒక కంకణం, రెండింటినీ కలిపి నొక్కే పనిముట్టు.

"ఇది ఎప్పుడూ నా దగ్గర ఉంటుంది. ఎంత మంచి ఫిట్టరైనా ఎప్పుడో ఒకసారి పైపు మడత పెడతాడు" అన్నాడు.

ఆ రోజు ఆయన దుబాయ్ నుంచి రాగానే నేను జరిగింది చెప్పి ఉంటే, నాలుగు తిట్లు తిట్టి ఆ డబ్బా తీసేవాడు. ప్లానులో అతుకు చోటు గుర్తు పెట్టుకునేవాడు. అంతటితో అయిపోయేది.

గుంటలో దొరికింది మేకు దెబ్బేనని ఎవరు చెప్పారో తెలియదు. అందరికీ తెలిసిపోయింది. "ఖలాస్" అన్నాడు ముదీర్. మేస్త్రీ వీసా రద్దు చేసి ఇంటికి పంపమని కాగితం వెళ్ళింది. మజ్లిస్ పని ఇంకో మేస్త్రీకి పోయింది.

ఆయన క్యాబిన్‌లో తాపీలు గుడ్డలో చుట్టుకుంటుంటే నేను పక్కన నిలబడ్డాను. "కిటికీ కాడ ఒకటే కొట్టినాననుకుంటి తమ్ముడా. తవ్వితే మేకు దెబ్బే అన్నారంట. మరి తలుపు కాడ కూడా కొట్టినానేమో. చెయ్యి బుర్రను అడగదు కదా" అన్నాడు. మూట ముడి వేస్తూ, "పాపం, ఆ ముసలమ్మ మల్లా చలిలో పండుకుంటాదేమో" అన్నాడు.

నేను ఆయన బ్యాగు బస్సు దాకా మోశాను. అంత దూరమూ చెప్పాలనుకుంటూనే మోశాను. బస్సు కదిలింది.

నేల మళ్ళీ వెచ్చబడింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఏ చుక్కా కారలేదు. ముసలమ్మ ఒకసారి నాకు ఖర్జూరాలు పంపి, రాయి పరిచిన మనిషి ఏడని అడిగించింది. ఊరెళ్ళాడని చెప్పాను. సలాం చెప్పమందట. నేను ఫోర్‌మన్ అయ్యాను. నేల వెచ్చగా కావాలన్న వాళ్ళందరికీ నన్నే పంపేవారు. ప్రతి ఇంట్లో, మొదటిసారి ఒట్టికాళ్ళతో నిలబడినవాళ్ళ మొహాలు వెలిగిపోతుంటే నేనూ వెలిగిపోయేవాణ్ణి. ఆ ఆనందం నిజమే. దాని కింద ఇది ఉండేది.

బేతంచెర్లలో ఆయన్ను వెతకడం కష్టం కాలేదు. కొత్తగా కడుతున్న ఫంక్షన్ హాల్లో రాయి పరుస్తున్నాడన్నారు. గడ్డం నెరిసింది. కింద ఎనిమిది మంది పనివాళ్ళు. నన్ను చూసి రెండు నిమిషాలు కళ్ళు చికిలించాడు.

"అల్ ఐన్ తమ్ముడా!" అని వచ్చి కావలించుకున్నాడు. "ఒరేయ్, ఇటు రాండ్రా! నేను చెప్తుంటా కదా దుబాయ్‌లో నేల కింద పైపుకు మేకు కొట్టి ముసలమ్మ గది నీళ్ళపాలు చేసినానని? ఆ పైపేసింది ఈయప్పే! నా వల్ల ఈయప్ప కష్టమంతా మట్టిపాలయ్యింది."

ఆయన దగ్గర చేరిన ప్రతి మనిషికీ ఆ కథ చెబుతాడట. పని నేర్పే మొదటి రోజు చెబుతాడట. గల్ఫ్‌కు పోదామని రెండుసార్లు ప్రయత్నిస్తే, ఏజెంటు 'పైపుకు మేకు కొట్టింది నువ్వే కదా' అని పంపలేదట. అదీ నవ్వుతూనే చెప్పాడు.

నేను ఆయన్ను గోడ చాటుకు తీసుకెళ్ళాను. "భాయ్, మేకు కాదు" అన్నాను.

"ఏంది మేకు కాదు?"

"తలుపు కాడ పైపు మడత పడ్డది. నేను కోసి జాయింట్ ఏసిన. అదే కారింది. నీ మేకు పైపుకు తగలనే లేదు."

ఆయన నా భుజం పట్టుకున్నాడు. "యాడ? తలుపు కాడనా?"

"తలుపు కాడనే."

"నేను తలుపు కాడ కొట్టలా?"

"కొట్టలేదు భాయ్."

పక్కనున్న రాళ్ళ దొంతి మీద కూర్చున్నాడు. గడ్డం నిమురుకున్నాడు.  తర్వాత గొంతు మారింది. "నా బ్యాగు మోసినావు కదప్పా నువ్వు! బస్సు దాకా మోసినావు. అప్పుడు కూడా నోరు రాలేదా నీకు?"

"రాలేదు."

"పాతికేండ్లు పైబడె. నా చేతిని నేనే నమ్మకుండా బతికినా కదరా! రాయి మీద చెయ్యేసిన ప్రతిసారీ, ఇది నాకు చెప్పకుండా ఏం చేస్తాదో అని..."  ఆయన నన్ను 'రా' అనడం అదే మొదటిసారి.

ఆయన కాళ్ళు పట్టుకోబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఈడ గోడ చాటున నాకు చెప్తే ఏమి లాభం? నా పేరు నలుగుర్లో పోయింది. ఆ కథ వీళ్ళకు ఎన్నిసార్లు చెప్పినానో. పో. పోయి వాళ్ళకు చెప్పు."

నేను హాలు మధ్యలోకి వెళ్ళాను. పనివాళ్ళు తాపీలు ఆపి చూశారు. ఆయన గోడ దగ్గరే నిలబడ్డాడు.  అందరికీ వినపడేలా చెప్పాను.

"మీ మేస్త్రీ చెప్పిన కథ తప్పు. ఆయన ఏ పైపుకూ మేకు కొట్టలేదు. పైపును మడత పెట్టింది నేను. దొంగతనంగా జాయింట్ ఏసింది నేను. ఆయన నన్ను సాక్ష్యం అడిగితే తెలిసి కూడా చెప్పలేదు. ఆయన పనిలో ఏ తప్పూ లేదు. అప్పుడూ లేదు." తర్వాత ఆయన వైపు తిరిగాను. "నీ పని పోయింది నా వల్ల, నీ పేరు పోయింది నా వల్ల. నన్ను మన్నించు భాయ్."